తొంభై ఎనిమిది

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. శ్రీలక్ష్మి టీచరమ్మ తప్పులు దిద్దింది గాని మాటలు మార్చలేదు. మార్చొద్దని నేనే చెప్పాను. ఇంకో సంగతి. ఇందులో పైడమ్మ అంటే నేనే. 'నేను' అని మొదలుపెట్టి నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ నన్ను నేను వెనకేసుకొచ్చినట్టే వచ్చింది. పైడమ్మ అని రాస్తే ఉన్నది ఉన్నట్టు వచ్చింది. అందుకని అలాగే ఉంచాను.

*

ఆషాఢంలో మొదటి ఆదివారం. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ మహిళా మండలి హాలు వెనక వరండాలో, పైడమ్మ రుబ్బురోలు ముందు పీట వేసుకుని గోరింటాకు రుబ్బుతోంది. ఏటా రుబ్బేది ఆమే. రెండు చేతులకీ పాల ప్యాకెట్ల కవర్లు తొడుక్కుని, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకుంది. ఆకు ముద్ద తగిలితే చాలు, చెయ్యి పండుతుంది. ఆమె చెయ్యి పండకూడదు. ఆమె భర్త సూరిబాబు పోయి ఆరేళ్ళయింది.

కవర్ల లోపల చేతులకి చెమట పట్టి పొత్రం జారుతోంది. జారినప్పుడల్లా ఆగి, మోచేతితో నుదురు తుడుచుకుని, మళ్ళీ తిప్పుతోంది. ముద్ద అంచులకి వస్తే చెంచాతో మధ్యలోకి తోస్తోంది.

"పైడమ్మా, వక్క వేశావా? పోయిన ఏడాది పండనే లేదు," అంది లోపల్నించి మాలతి. మాలతి మండలి ప్రెసిడెంటు. ఆమె భర్త వ్యాగన్ల షాపు ఆఫీసులో సూపరింటెండెంటు.

"ఏశానమ్మా. రెండు వక్కలు, కాసింత చింతపండు."

"ఇంకా మెత్తగా కానీ. బద్రీనాథుడికి దణ్ణం పెట్టాల్సిన చేతులు."

"సెప్టెంబరు దాకా ఉంటుందా ఏంటి వదినా?" ఎవరో అన్నారు.

"అరచేతుల్లో పోతుంది. గోళ్ళకి ఎక్కడికీ పోదు. అందుకే వేళ్ళకి టోపీలు బాగా మందంగా పెట్టించుకోండి, బస్."

పదకొండు మందీ నవ్వారు. ఆ పదకొండు మందీ సెప్టెంబరులో బద్రీనాథ్ వెళుతున్నారు. తీసుకెళ్ళేది మెడికల్ కాలేజీ మూడో సంవత్సరం పిల్లలు. యాభై దాటిన ఆడవాళ్ళు, ఎప్పుడూ మైదానం దాటనివాళ్ళు, పదివేల అడుగుల ఎత్తుకి వెళితే ఒంట్లో ఏమేం మారుతుందో వాళ్ళు రాసి చూస్తారట. ఊపిరి, రక్తం, నిద్ర, ఆకలి, తలనొప్పి. ప్రొఫెసరు సంతకం మాత్రమే పెట్టాడు, మిగతా పనంతా పిల్లలదే. బండిలో పిల్లలకి పోను పన్నెండు సీట్లు. పన్నెండో సీటు మాలతి ఆడపడుచు ఊర్మిళకని రాసి ఉంచారు. ఊర్మిళ దుర్గ్ నించి రావాలి.

షరతు ఒక్కటే. తొమ్మిది రోజులూ, పొద్దున్నే లేచి ఎవరి కాగితం వాళ్ళు సొంత చేత్తో నింపాలి. ఒకరిది ఇంకొకరు నింపితే లెక్కలోకి రాదు. అందుకే పైడమ్మ పేరు ఎవరి నోటా రాలేదు. ఆమెకి అక్షరం ముక్క రాదని కాలనీ అంతా అనుకుంటుంది. రెండేళ్ళ నించి మధ్యాహ్నాలు శ్రీలక్ష్మి టీచరమ్మ ఇంట్లో పలక పట్టుకుని కూచుంటోందని పైడమ్మ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఆ పన్నెండో సీటు మీద పైడమ్మకి చాలా ఆశగా ఉంది. అది దేవుడి కోసం కాదు. పదకొండు మందితో తొమ్మిది రోజులు ఒకే బండిలో కూచోవచ్చు. ఒకే గదిలో పడుకోవచ్చు. రాత్రి ఎవరైనా దగ్గితే వినిపిస్తుంది. పొద్దున్న లేవగానే ఎవరో ఒకరు 'లేచావా' అంటారు. ఆమెకి కావలసింది అంతే.

ముద్ద గిన్నెలోకి ఎత్తి లోపలికి అందించింది. అప్పుడు కవర్లు తీసి చేతులు చూసుకుంది. చెమటకి నానిపోయి, ముడతలు పడి, తెల్లగా ఉన్నాయి.

*

సోమవారం పొద్దున్న ఏడింటికల్లా ఇద్దరు పిల్లలు వచ్చారు. శంకర్ నగర్ నించి వచ్చిన అమ్మాయి లహరి. తెలుగువాళ్ళ పిల్లే, తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుంది. కూడా వచ్చిన కుర్రవాడు వీరేంద్ర, ధమ్‌తరీ వైపు పల్లెటూరి వాడు. కిందా పైనా చూడవలసిన కొలతల్లో కిందవి ఇక్కడే తీస్తారు, మూడు పొద్దులు. బల్ల మీద బీపీ మిషను, స్టాప్ వాచీ, వేలికి తగిలించే క్లిప్పులు రెండు పరిచారు. క్లిప్పులో ఎర్ర దీపం ఉంది. ఆ వెలుతురు వేలి గోటిలోంచి అవతలికి పోతే, రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో నూటికి ఇంతని చూపిస్తుందని లహరి చెప్పింది.

"గోళ్ళకి రంగేసుకున్నవాళ్ళుంటే తుడిచెయ్యండి ఆంటీ. రంగుంటే మిషన్ గలత్ చూపిస్తుంది."

పదకొండు మందీ తమ గోళ్ళు చూసుకున్నారు.

"ఈ వయసులో మాకు రంగులేంటమ్మా," అంది ఒకావిడ. నిజమే, ఎవరికీ రంగు లేదు.

మాలతి మొదట కూచుంది. క్లిప్పు చాలాసేపు ఆలోచించి ఎనభై తొమ్మిది అంది. లహరి తీసి, వేలు రుద్ది, మళ్ళీ పెట్టింది. తొంభై. రెండో ఆవిడకి అంకె రాలేదు, గీతలు వచ్చాయి. మూడో ఆవిడకి ఎనభై ఎనిమిది. వీరేంద్ర సెల్లులు మార్చాడు. రెండో క్లిప్పు తీశాడు. అదీ అంతే. తన వేలికి పెట్టుకుంటే తొంభై తొమ్మిది.

"మనం కుర్రవాళ్ళం," అని లహరితో హిందీలో అన్నాడు. "వీళ్ళ వయసువాళ్ళు, ఇదే కాలనీ వాళ్ళు ఇంకెవరైనా ఉంటే చూద్దాం."

పైడమ్మ టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో ఉంది.

"దాయీ, ఒకసారి ఇటు రండి," అన్నాడు వీరేంద్ర. అతని భాషలో దాయీ అంటే అమ్మ.

పళ్ళెం కిటికీలో పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చింది. ఉన్న ఒక్క ఖాళీ కుర్చీ ప్రెసిడెంటుది, చేతులున్నది. అందులో అంచు మీద కూచుంది. లహరి ఆమె చెయ్యి అందుకుని, చూపుడువేలు విడదీసి, క్లిప్పు తగిలించింది. చెయ్యి కదలకుండా కింద తన చెయ్యి ఆనించింది. అమ్మాయి అరచెయ్యి వెచ్చగా ఉంది. ఎవరైనా తన చేతిని అంతసేపు పట్టుకున్నది ఎప్పుడో పైడమ్మకి గుర్తు రాలేదు.

"తొంభై ఎనిమిది," అంది లహరి.

ఆ పొద్దుటంతా ఆ కుర్చీలోనే కూచోబెట్టారు. ఒక్కొక్కరికి కొలత తీసిన తరవాత, మిషను బాగానే ఉందో లేదో పైడమ్మ వేలికి పెట్టి చూసేవారు. ప్రతిసారీ తొంభై ఎనిమిది. ఒకసారి తొంభై ఏడు వచ్చి, అదే సర్దుకుంది.

అయిదోసారో ఆరోసారో ఆమె తన వేలూ మాలతి వేలూ పక్కపక్కన బల్ల మీద చూసింది. మాలతి వేలు రెండో కణుపు దాకా ముదురు ఎరుపు, గోరు దాదాపు నలుపు. తన వేలు ఉత్తది. ఎర్ర దీపం తన గోటిలోంచి దూరిపోతోంది. మాలతి గోటి మీద ఆగిపోతోంది. పైడమ్మకి తెలిసిపోయింది.

చెబుదామని నోరు తెరిచింది.

"దాయీ, మీరు లేవకండి, మీతో పని ఉంది," అన్నాడు వీరేంద్ర నోటుపుస్తకం తిప్పుతూ. "రోజూ ఏం తింటారు?"

"గంజే తాగుతాను బాబూ. ఇంకేటి తింతాను."

"పొయ్యి కట్టెలదా, గ్యాసా? ఎన్నింటికి లేస్తారు? ఎంత నడుస్తారు?"

ఆమె చెప్పింది. అతను రాసుకున్నాడు. నాలుగింటికి లేస్తానంటే రాశాడు. రెండు బిందెల నీళ్ళు మేడ మీదికి మోస్తానంటే గీత గీసి మరీ రాశాడు. పదకొండు మందీ చుట్టూ నిలబడి విన్నారు.

"గంజిలో ఏం వేస్తావే?" అంది ఒకావిడ.

"ఉప్పు."

"అబద్ధం. ఇంకేదో ఉంది."

"ఉంటే ఉల్లిపాయ, అప్పా."

"రాసుకో బాబూ, ఉల్లిపాయ," అంది మాలతి. అందరూ నవ్వారు. పైడమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే తన చేతిని ఒళ్ళోకి తీసుకుని కొంగు కింద పెట్టుకుంది.

*

మంగళవారం అంకెలు మారలేదు. వీరేంద్ర హాలు బయటికి వెళ్ళి ప్రొఫెసరుతో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. ముఖం చిన్నబుచ్చుకుని ఉంది. ఎంత నెమ్మదిగా చెప్పినా చెప్పిందొకటే. పదకొండు మందీ ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి, రక్తం చూపించుకోవాలి. అందాకా ఎవర్నీ కొండ మీదికి తీసుకెళ్ళడం కుదరదు. ఇక్కడే తొంభై ఉంటే అక్కడ ఎంతకి పడుతుందో చెప్పలేం.

ఒకావిడ కూతురికి ఫోన్ చేసి 'ఏం లేదులే' అని పెట్టేసింది. ఇంకొకావిడ గోడకి జారబడి, ఊపిరి గట్టిగా తీసి వదిలి, మళ్ళీ తీసి చూసుకుంటోంది.

"ఇప్పటికి సరిగ్గా ఉన్నది దాయీ ఒక్కరే," అన్నాడు వీరేంద్ర. "మిగతావాళ్ళని ఇంకో పేటలో, దేవేంద్ర నగర్‌లో వెతుక్కోవాలి. దాయీ ఫారం ఇవాళే నింపేద్దాం. చదవడం రాయడం వచ్చా?"

"రాదు బాబూ," అంది మాలతి. "వేలిముద్ర వేస్తుంది." అలవాటు కొద్దీ, మండలి రిజిస్టరు పక్కనుండే సిరా పెట్టె మూత తీసి ముందుకి తోసింది.

పైడమ్మ సిరా పెట్టె వంక చూసింది. తరవాత లహరి జుట్టుముడిలో ఉన్న పెన్ను వంక చూసింది.

"అదొకసారి ఇవ్వమ్మా."

నియమం ప్రకారం ఫారం తెలుగులోనూ అచ్చు వేశారు. దాన్ని తన వైపు తిప్పుకుంది. మొదటి వరస కింద వేలు పెట్టి, పైకే, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'ఈ అధ్యయనంలో నా ఇష్టప్రకారం పాల్గొంటున్నాను.' అధ్యయనం దగ్గర రెండుసార్లు ఆగింది. తరవాత పేరు రాసింది. ఐత్వం పెట్టడానికి చెయ్యి పైకి వెళ్ళి, కాసేపు గాల్లో ఆగి, దిగింది.

"ఎప్పుడు నేర్చుకున్నావే?" అంది మాలతి.

"రెండేళ్ళయిందమ్మా."

"మాకు చెప్పనేలేదు."

పైడమ్మ ఫారం వీరేంద్ర వైపు తోసింది. జాబితాలో పన్నెండో వరసలో ఊర్మిళ పేరు పెన్సిలుతో ఉంది. మూడు పొద్దులూ కొలతలు ఇచ్చినవాళ్ళే లెక్క, ఊర్మిళకి రెండు పొద్దులు తప్పిపోయాయి. వీరేంద్ర రబ్బరుతో ఆ పేరు చెరిపి, పొట్టు ఊది, పైడమ్మ చేత రాయించాడు. ఆమె అక్షరాలు గడి దాటి పదమూడో వరసలోకి వెళ్ళాయి. ఫరవాలేదన్నాడు.

సాయంత్రం అయిదింటికి ఆమె గది తలుపు ఎవరో తట్టారు. తలుపు తట్టడం కొత్త కాబట్టి పక్కింటికేమో అనుకుని లేవలేదు. రెండోసారి తట్టారు. మాలతి.

"రావొచ్చా?"

పైడమ్మ మంచం మీది బట్టలు ఎత్తి ట్రంకుపెట్టె మీద పడేసింది. మాలతి కూచుని గదంతా చూసింది. ఒక పొయ్యి, రెండు బిందెలు, గోడకి సూరిబాబు ఫోటో, కిటికీలో పలక.

"గంజి ఎలా కాస్తావో చూద్దామని వచ్చాను," అంది.

పైడమ్మ అర్థం కానట్టు చూసింది.

"నవ్వకు. మా ఆయన నవ్వాడు. రేపట్నించి నేనూ అదే తాగుతాను. బియ్యం ఎంత, నీళ్ళెంత?"

పైడమ్మ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. మాలతి పక్కన నిలబడి గరిటె పట్టుకుంది. ఆ గదిలో రెండు గ్లాసులు ఒకేసారి కడిగిన రోజు దగ్గరలో లేదు. ఉడుకుతుంటే మాలతి మాట్లాడుతూనే ఉంది. కూతురి సంగతి, మోకాళ్ళ సంగతి, కాలనీలో నీళ్ళు ఆగిపోయిన సంగతి. మధ్యలో ఆగి, గరిటె చూస్తూ అంది.

"గురువారం గుండె చూపించుకోవాలి. ఎక్స్‌రే చాలదన్నారుట మా ఆయనకి తెలిసిన డాక్టరు. చేతి నరంలోంచి గొట్టం ఎక్కించి చూస్తారట. రాత్రికి నిద్ర పట్టేట్టు లేదే. బీరువా తాళాలెక్కడుంటాయో పిల్లకి ఫోన్లో చెప్పాను. అది ఏడ్చింది."

పైడమ్మ నోట్లో మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే మాలతి ఇప్పుడే లేచి పోతుంది. గంజి ఇంకా ఉడకలేదు.

"ఏం కాదమ్మా," అంది.

"నీకేం, నీకు తొంభై ఎనిమిది," అని మాలతి నవ్వింది. గంజి గ్లాసు ఊదుకుంటూ తాగింది. వెళుతూ గుమ్మంలో ఆగి, "రేపు మళ్ళీ వస్తాను. మా ఇంట్లో ఎవరితో చెప్పినా వెక్కిరిస్తారు, నీ దగ్గరే కూచుంటాను," అంది.

ఆమె వెళ్ళాక పైడమ్మ రెండు గ్లాసులూ ముందు పెట్టుకుని కూచుంది. రేపు వస్తానంది. ఎల్లుండి చేతి నరంలో గొట్టం. రేపు వస్తుంది. ఎల్లుండి గొట్టం. చాలాసేపు అదే తిరిగింది.

వెలుతురు ఉండగానే లేచి హాలు వెనక్కి వెళ్ళింది. పొదలోంచి గుప్పెడు ఆకు కోసింది. రోలు దాకా వెళ్ళలేదు. ఇంటికి తెచ్చి, చిన్న రాతి మీద వక్క ముక్కతో నూరింది. కవర్లు తొడుక్కోలేదు, ముద్దని చెంచాతో ఎత్తింది. కుడి చూపుడువేలికి, ఒక్క దానికే, టోపీలా పెట్టింది. ముద్ద చల్లగా ఉంది. ఎండాక రాల్చి మళ్ళీ పెట్టింది. మూడుసార్లు పెట్టింది. సూరిబాబు ఫోటో ఉన్న గోడ వైపు వీపు పెట్టి కూచుంది.

*

బుధవారం ఆమె చెయ్యి పిడికిలి బిగించుకుని హాల్లోకి వచ్చింది. టీ పెట్టలేదు. అందరూ వచ్చి ఉన్నారు. మాలతి చాప మీద గోడకి ఆనుకుని కూచుంది. మూడో పొద్దు కొలతలు మొదలుపెట్టడానికి లహరి క్లిప్పు తుడుస్తోంది.

"నాకు ముందు ఎట్టమ్మా," అంది పైడమ్మ.

కుర్చీలో కూచుని ఎడమ చెయ్యి చాపింది. తొంభై ఎనిమిది.

"ఇప్పుడు దీనికి."

పిడికిలి విప్పి కుడి చూపుడువేలు బల్ల మీద పెట్టింది. లహరి అలవాటుగా తగిలించేసి, అంకె కోసం చూసింది. గీతలు. మళ్ళీ గీతలు. కాసేపటికి ఎనభై తొమ్మిది.

"పక్క వేలికి ఎట్టు."

తొంభై ఎనిమిది.

లహరి రెండు వేళ్ళనీ పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. ఎంతోసేపు చూసింది. వీరేంద్ర బెంచీ మీద కూలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"గోళ్ళ రంగు అని అడిగాం," అన్నాడు. "మెహందీ అని అడగలేదు."

"మా అమ్మ చేతులు కూడా ఇలాగే ఉన్నాయి," అంది లహరి. "పొద్దున్న ఆ చేత్తోనే టిఫిన్ పెట్టింది నాకు. కనబడలేదు."

కాలివేళ్ళకి పెడదామంటే వాటికీ పారాణిలా పెట్టుకున్నారు. ఒకావిడ ఎడమ కాలి చిటికెన వేలు ఎందుకో పెట్టకుండా మిగిలిపోయింది. దానికి తగిలిస్తే తొంభై ఏడు. అప్పుడు అందరికీ నమ్మకం కుదిరింది. గోడకి జారబడ్డావిడ లేచి నిలబడింది. ఒకావిడ నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. కూతుళ్ళకి ఫోన్లు కలిపారు. మాలతి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

ఆ తరవాత ఒకరి వెంట ఒకరు మిషను వదిలేసి పైడమ్మ వేలి వంక చూశారు.

"ఏంటా వేలు?" అంది ఒకావిడ మెల్లగా.

"చూపించడానికి ఎట్టుకున్నానప్పా."

"నోటితో చెబితే సరిపోయేది కదా."

"నా మాట నమ్ముతారో నమ్మరో అని."

మాలతి చేతులు దించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీకెప్పుడు తెలిసింది?" అంది.

"సోమవారం."

"సోమవారం ఎప్పుడు?"

"పొద్దున్నేనమ్మా."

"నిన్న మీ ఇంటికొచ్చినప్పుడు?"

"తెలుసు."

మాలతి ఆమెనే చూస్తోంది. తిడుతుందని పైడమ్మ ఎదురుచూసింది. తిడితే బాగుండేది.

"బియ్యం ఎంత, నీళ్ళెంత అని అడిగాను నిన్ను," అంది మాలతి.

"అడిగారమ్మా."

వీరేంద్ర గొంతు సవరించుకుని, మూడు రోజుల కొలతలూ కొట్టేస్తున్నామని చెప్పాడు. చెవికి తగిలించే క్లిప్పులు నాగ్‌పూర్ నించి తెప్పిస్తారు. వచ్చే సోమవారం నించి అన్నీ కొత్తగా మొదలు. మళ్ళీ మూడు పొద్దులు.

"మా ఊర్మిళ ఆదివారం వస్తుంది," అంది మాలతి, గోడ వైపు చూస్తూ. "మూడు పొద్దులూ ఉంటుంది."

వీరేంద్ర జాబితా కాగితం వంక చూశాడు. పన్నెండో వరసలో పెద్ద పెద్ద అక్షరాలు, గడి దాటి. లహరి ఏదో అనబోయింది. హాల్లో పదకొండు మంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు 'పైడమ్మ పేరు ఉండనీ' అన్నా చాలని చూసింది. ఒకావిడ తన చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఒకావిడ ఫోన్లో అంకెలు నొక్కుతోంది.

"రాయి బాబూ," అంది పైడమ్మ. "ఆవిడ పేరు ముందునించీ ఉంది."

ఆమె రాసింది పెన్నుతో కాబట్టి రబ్బరుతో పోలేదు. వీరేంద్ర దాని మీద ఒక గీత గీసి, పక్కన ఊర్మిళ అని రాశాడు. పైడమ్మ లేచి టీ పెట్టడానికి వెళ్ళింది. వరండాలో పొయ్యి అప్పటికే వాళ్ళలో ఎవరో వెళ్ళి వెలిగించారు. గ్లాసులు కూడా వాళ్ళే అందించారు. ఆమె వాకిట్లో చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

*

సెప్టెంబరు మొదట్లో లహరి ఒక్కతే గదికి వచ్చింది. మంచం మీద కూచుని, సంచీలోంచి ఒక క్లిప్పూ, తొమ్మిది కాగితాలూ తీసింది.

"పైకి వెళ్ళినవాళ్ళు రోజూ ఏం చేస్తారో, అదే టైముకి కింద ఒకరు అదే చెయ్యాలి ఆంటీ. అప్పుడే మార్పు ఎత్తు వల్ల వచ్చిందో, ఊరికే వచ్చిందో తెలుస్తుంది. అసలైతే పదిమంది కావాలి. మాకు దొరికింది మీరొక్కరే."

"ఇక్కడే ఉండి రాయాలా?"

"ఇక్కడే. ఎక్కడికీ వెళ్ళకూడదు."

"అది నాకు వచ్చు," అంది పైడమ్మ.

బండి హాలు ముందు నించి పొద్దున్నే బయల్దేరింది. ఆమె గది కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది. సామాన్లు పైకెక్కించడం, తాళ్ళు బిగించడం, ఎవరిదో స్వెట్టరు మర్చిపోయి పరిగెత్తడం చూసింది. పన్నెండు మంది ఆడవాళ్ళు ఎక్కారు. లెక్కపెట్టింది.

మర్నాటి నించి ఆరింటికి కిటికీ దగ్గర కూచుని ఎడమ చూపుడువేలికి క్లిప్పు తగిలించుకునేది. తన చేతిని తనే ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా ఉండడానికి రెండో చెయ్యి కింద ఆనించేది. తొంభై ఎనిమిది. కాగితం నింపడానికి వాళ్ళకి పది నిమిషాలు చాలన్నారు. ఆమెకి గంట పట్టేది. తొందరేమీ లేదు.

తలనొప్పి ఉందా. లేదు. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. మూడు. ఆకలి ఎలా ఉంది. ఉంది. నడిస్తే ఆయాసం వస్తోందా. లేదు. నిన్న ఎవరితోనైనా మామూలుగా మాట్లాడగలిగారా, మాట తడబడిందా. ఆ ప్రశ్న ఎత్తులో ఉన్నవాళ్ళ కోసం, మెదడుకి గాలి చాలుతోందో లేదో తెలియడానికి. పైడమ్మ దాని దగ్గర రోజూ ఆగేది. మొదటి రోజు 'తడబడలేదు' అని రాసింది. రెండో రోజు ఆలోచించి, 'మాట్లాడలేదు' అని రాసింది. తరవాత రోజూ అదే రాసింది. అబద్ధం రాయకూడదని లహరి చెప్పింది.

కాలనీలో ఆ పదకొండు ఇళ్ళలోనూ మగవాళ్ళే ఉన్నారు. హాలుకి తాళం వేసి ఉంది. సాయంత్రాలు పాలు తెచ్చుకుని వచ్చేటప్పుడు మాలతి వాళ్ళ వాకిట్లో పైడమ్మ నడక నెమ్మది చేసేది. వరండాలో ఆయన పేపరు చదువుకుంటూ ఉండేవాడు. పైన అందరూ బాగున్నారా అని ఒకరోజు అడిగింది. బాగున్నారన్నాడు.

కాగితం అడుగున 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉంది, రెండు వేళ్ళ వెడల్పు. ఎనిమిది రోజులు అందులో 'ఏమీ లేదు' అని రాసింది. తొమ్మిదో రోజు పొద్దున్న తొంభై ఎనిమిది రాసి, తలనొప్పి లేదని రాసి, మాట్లాడలేదని రాసి, ఆ గడి దగ్గరికి వచ్చింది. ఈ కాగితం ఇచ్చేస్తే ఇంక ఆమెని రోజూ ఏదీ అడిగేవాళ్ళు ఉండరు. రోడ్డు మీద బండి చప్పుడేమైనా వినిపిస్తుందేమోనని కాసేపు చూసింది. బండి సాయంత్రానికి గాని రాదు.

పెన్ను పట్టుకుని మొదలుపెట్టింది. గడిలో 'సోమవారమే నాకు తెలిసినా నేను ఎందుకు' అన్నంతవరకే పట్టింది. పైడమ్మ లేచి, రూళ్ళ పుస్తకం తెచ్చుకుని, మొదటి పేజీ తెరిచి, తలుపు దగ్గర వెలుతురులో కూచుంది.

పైడమ్మ
వయసు అరవై మూడు
ఇప్పుడు ఉంటున్నది మందిర్ హసౌద్, రాయ్‌పూర్ జిల్లా